నా బదులు మాట్లాడేవారు చల్లగా ఉండాలి!

వికలాంగులకు సొంత అభిప్రాయాలుండడం ఆరోగ్యానికి మంచిది కాదు! ఈ మాట నేనొక్కదాన్నే అనడం లేదు, మా కాలీ నగరమంతా నమ్ముతోంది. నేను చిన్నప్పటి నుంచీ చక్రాల కుర్చీ మనిషిని. మాట కూడా నెమ్మది. ఒక వాక్యం మొదలుపెట్టి చివరికి చేరేలోపు ఎదుటివారి కాఫీ చల్లారిపోతుంది. ఆ వాక్యాన్ని నా నోట్లోంచి లాక్కుని పూర్తి చేయడం ఉపకారం కాదూ?

మొన్న రొట్టెల కొట్టుకు వెళ్లాం. కొట్టు ఆవిడ నన్ను చూసి, మా అన్నయ్య ఆర్సేసియోని అడిగింది. "పాపకేం కావాలంట?"

నలభై దాటిన పాప! ఐసు ముక్కలు వేసిన లులాడా పళ్లరసం అడుగుదామని నోరు తెరిచాను.

"పాలిచ్చెయ్యమ్మా, చల్లనిది దాని గొంతుకి పడదు" అంది వెనకాల నిలబడ్డ ఒక పెద్దావిడ.

ఆవిడెవరో నాకు తెలియదు. నా గొంతు సంగతి మాత్రం ఆవిడకు తెలుసు! నోరు మూసుకుని పాలు తాగాను.

డాక్టరుగారూ అంతే. "నొప్పి ఎక్కడంటోంది?" అని అన్నయ్యనే అడుగుతారు. అన్నయ్య మొహమాటానికి తన మోకాలు చూపిస్తాడు. మందు నేను మింగుతాను. మా నుబియా అత్తను అడిగి నా జుట్టు కత్తిరిస్తారు. ఇంత సుఖం ఏ మహారాణికి దక్కింది చెప్పండి?

ఇంత దయగల లోకంలో ఒకే ఒక్క క్రూరమైన చోటుంది. అది బోచా అనే బంతాట.

తెల్లబంతికి ఎవరి తోలుబంతి దగ్గరగా చేరితే వారిది పైచేయి. చేతులు ఆడని నాలాంటివాళ్లు వాలుగా నిలబెట్టిన పట్టె మీంచి బంతిని వదులుతారు. నుదుటికి కట్టిన పుల్లతో వదిలేది నేను, పట్టె జరిపేది అన్నయ్య. ఇక నిబంధన వినండి. పట్టె జరిపే మనిషి ఆటకు వీపు పెట్టి, నాకేసి తిరిగి కూర్చోవాలి. వెనక్కి చూడకూడదు, సలహా ఇవ్వకూడదు. నేను ఎటంటే అటు, ఎంతంటే అంత! తోడబుట్టినవాడి నోరు కట్టేస్తారా? ఇదేం దౌర్జన్యం!

మా మొదటి అంతర్జాతీయ పోటీ లీమాలో. అన్నయ్య ప్రేమ పట్టలేక వెనక్కి తిరిగి చూసి, "యోలీ, కుడికి!" అని అరిచాడు. రిఫరీ ప్రత్యర్థికి ఒక బంతి అదనంగా ఇచ్చాడు. ఓడిపోయాం. ఆ రోజు ఏడ్చినంతగా నేనెప్పుడూ ఏడవలేదు.

"కుడికైతే బాగుంటుందనుకున్నానే" అన్నాడు.

"నిన్నెవరు అనుకోమన్నారు?" అన్నాను. ఆ వాక్యం మాత్రం మొత్తం నేనే పూర్తి చేశాను.

ఈసారి పోటీ మా ఊళ్లోనే. గెలిస్తే ప్రపంచ పోటీలకు వెళ్తాం. ఆఖరి ఆటలో చిలీ అమ్మాయి ఎర్రబంతి తెల్లబంతిని ఆనుకుని కూర్చుంది. నా దగ్గర ఒక్క నీలిబంతే మిగిలింది. గ్యాలరీలో నుబియా అత్తతో సహా అందరూ సలహాలతో ఉబ్బిపోయి ఉన్నారు. నోరు విప్పే హక్కు ఒక్కరికీ లేదు.

"ఎడమకి" అన్నాను. అన్నయ్య జరిపాడు. "ఇంకొంచెం." వెనక్కి తిరగాలని అతని మెడ తహతహలాడుతోంది. తిరగలేదు. నా పెదాలనే చూస్తూ, నా మాట పూర్తయ్యేదాకా ఆగాడు. బంతి వదిలాను. అది ఎర్రబంతిని పక్కకు నెట్టి దాని చోట్లో కూర్చుంది.

గెలిచాం!

టీవీ విలేకరి పరుగున వచ్చి మైకు అన్నయ్య ముందు పెట్టాడు. "యోలిమాకి ఇప్పుడెలా అనిపిస్తోంది సార్?"

అన్నయ్య ఏం చేశాడో తెలుసా? తన కుర్చీ తిప్పుకుని, విలేకరికి వీపు పెట్టి, నాకేసి చూస్తూ కూర్చున్నాడు.

గాల్లో మైకు పట్టుకుని నిలబడ్డ ఆ విలేకరిని చూస్తే నాకే జాలేసింది.

"ఎడమకి" అన్నాను. మైకు కదిలింది. "ఇంకొంచెం. కిందికి." వచ్చింది. "ఆఁ, అక్కడే. ఇప్పుడడుగు."

అడిగాడు. నేను జవాబు చెప్పడానికి చాలాసేపు పట్టింది. అందరూ ఆగారు.

"ఐసు వేసిన లులాడా తాగాలనిపిస్తోంది" అన్నాను. "పాలు తెచ్చారంటే ఊరుకోను."