క్లినిక్ ముందు హోమర్ బండి

గురువారం పొద్దున వర్నా క్లాసెన్ వేసుకున్న పథకం చిన్నది. తొమ్మిదింటికి పక్క పట్నం విల్మోట్ వెళ్లి జుట్టు కత్తిరించుకోవాలి. వస్తూ వస్తూ రెండు డజన్ల డోనట్లు కొనాలి. సాయంత్రం ఆరింటికి ఫైర్ స్టేషన్ హాల్లో తొమ్మిది కుర్చీలు వేయాలి. కాన్సస్‌లోని బ్రాంట్ కౌంటీలో పార్టీ కమిటీకి ఆమె పంతొమ్మిదేళ్లుగా కార్యదర్శి. సమావేశం ఉన్న రోజున జుట్టు సరిగా లేకపోతే తను రాసే మినిట్స్ కూడా సరిగా రావని ఆమె నమ్మకం.

ఆ సాయంత్రం సమావేశం మామూలుది కాదు. శాసనసభ సీటుకి తమ పార్టీవాళ్లే ఇద్దరు పోటీ పడుతున్నారు. గర్భస్రావం ఏ పరిస్థితిలోనూ కూడదంటాడు వేడ్ టకెట్. కొన్ని పరిస్థితుల్లో తప్పదంటుంది పమేలా రీస్. కమిటీ ఎవరికి మద్దతు ప్రకటించాలో తేలాలి. అధ్యక్షుడు హోమర్ డ్రిస్కల్ ట్రాక్టర్ల వ్యాపారి, టకెట్ పక్షం. బడిలో నర్సుగా చేసి రిటైరైన నాడీన్ ఓస్ట్రమ్ పమేలా పక్షం. లెక్క ప్రకారం హోమర్‌తో కలిపి అటు అయిదుగురు, ఇటు నలుగురు. ఏప్రిల్ నుంచి ఒక పక్షంవాళ్లు కలిపిన కాఫీ ఇంకో పక్షంవాళ్లు ముట్టడం లేదు. వర్నా హోమర్ పక్షమే. అందుకే అయిదుగురిలో ఎవరు జారతారా అని ఆమె కళ్లు ఎప్పుడూ తనవాళ్ల మీదే.

సెలూన్ కుర్చీలో కూర్చుని కిటికీ అద్దంలోంచి వీధిలోకి చూసిన వర్నాకి ఎదురుగా ఉన్న మహిళల క్లినిక్ ముందు ఒక ఎర్ర పికప్ బండి కనిపించింది. తలుపు మీద ‘డ్రిస్కల్ ట్రాక్టర్స్’ అని రాసి ఉంది. వెనక టకెట్ ప్రచారం బోర్డు. ఏటా వసంతంలో హోమర్ గర్భస్రావాలకి వ్యతిరేకంగా అట్ట పట్టుకుని నిలబడి నిరసన తెలిపేది సరిగ్గా ఆ క్లినిక్ ముందే. ఇవాళ అట్ట లేదు, హోమర్ కూడా బయట లేడు.

జుట్టు పని అయిపోయాక కూడా వర్నా లేవలేదు. పత్రిక ఒకటి మొహానికి అడ్డం పెట్టుకుని నలభై నిమిషాలు కాపలా కాసింది. హోమర్ బయటికి రాలేదు. ఇంక లాభం లేదని కారెక్కి, కోశాధికారి బర్నీస్ యూల్‌కి ఫోన్ చేసింది. బర్నీస్ కూడా తమ అయిదుగురిలో మనిషే.

“బర్నీస్, హోమర్‌కి ఒంట్లో బాగానే ఉందా?”

“ఎందుకలా అడుగుతున్నావు?”

“ఊరికే. విల్మోట్‌లో మేపుల్ వీధిలో బండి కనిపిస్తేనూ.”

“మేపుల్ వీధిలో ఏముందని?” అంది బర్నీస్. అంతలోనే వెలిగింది. “ఓహో.”

“నేనేమీ అనలేదు సుమా.”

“నువ్వేమీ అనలేదమ్మా. నేనూ ఏమీ వినలేదు.”

ఏమీ వినని బర్నీస్ తరవాతి గంటలో ముగ్గురికి ఫోన్ చేసింది. వర్నా డోనట్లు కొని ఇల్లు చేరేసరికి ఆమె ఫోన్ మోగుతూనే ఉంది. హోమర్ కూతురు కష్టంలో ఉందట, అని ఒకరు. ఆ భవనం హోమర్‌దేనట, అద్దె వసూలుకి వెళ్లాడట, అని ఇంకొకరు. మూడో ఆవిడ గొంతు తగ్గించి, “టకెట్టే హోమర్‌ని పంపాడంట, క్లినిక్‌వాళ్లతో రాజీ మాట్లాడుకోడానికి. నీకు ముందే తెలుసంటగా?” అంది. తన నోటి నుంచి బయల్దేరిన మాట ఇంత ఎదిగి తన గుమ్మంలోకే వస్తే వర్నా గుర్తుపట్టలేదు. టకెట్ అంతటివాడా అని నిజంగానే ఆశ్చర్యపోయింది.

మూడింటికి నాడీన్ ఫోన్ చేసింది. నాలుగు నెలల్లో అదే మొదటిసారి.

“వర్నా, ఇందులో ఏదో మెలిక ఉందని నా అనుమానం. టకెట్ మెత్తబడ్డాడన్నది నిజమేనా, మమ్మల్ని బుట్టలో వేయడానికా?”

“నన్నడిగితే నేనేం చెప్పను నాడీన్? నేను బండి చూశాను, అంతే.”

“బండి ఎంతసేపుంది?”

“నలభై నిమిషాలు.”

“నలభై నిమిషాలంటే మాటలు గట్టిగానే జరిగాయన్నమాట,” అని నాడీన్ పెట్టేసింది.

ఆరింటికి హాల్లో తొమ్మిదిమందీ కూర్చున్నారు. ఒకరి చేతుల వంక ఒకరు చూసుకుంటున్నారే తప్ప డోనట్ల జోలికి ఎవరూ పోలేదు. హోమర్ ఏమీ తెలియని మొహంతో లేచి, “టకెట్‌కి మద్దతిచ్చేవాళ్లు చెయ్యెత్తండి,” అంటూ తన చెయ్యెత్తాడు.

నాడీన్ చెయ్యెత్తింది. ఆమె పక్షంవాళ్లు ముగ్గురూ ఎత్తారు. బర్నీస్, వర్నా, మిగతా ఇద్దరూ చేతులు కట్టుకుని కూర్చున్నారు.

హోమర్ తన చెయ్యి తనే దించుకున్నాడు. “నాడీన్, దేనికి ఓటేస్తున్నావో తెలుస్తోందా?”

“బాగా తెలుసు. నువ్వు దాచక్కర్లేదు హోమర్. మెత్తబడటం తప్పేం కాదు.”

“ఎవరు మెత్తబడ్డారు?”

బర్నీస్ ఇంక ఆగలేకపోయింది. “పొద్దున ఆ క్లినిక్ ముందు నీ బండి ఏం చేస్తోంది? నలభై నిమిషాలు. అక్కడ అట్టలు పట్టుకుని నీ వెనక నిలబడినవాళ్లం మేమేం వెర్రివాళ్లమా?”

హోమర్ మొహం మొదట ఎర్రబడింది, తరవాత అయోమయంలో పడింది. “పొద్దుటి నుంచి బండి నా దగ్గరెక్కడుంది? ఏదో బరువైన సామాను తీసుకెళ్లాలంటే ఎర్విన్‌కిచ్చాను.”

ఎర్విన్ అంటే వర్నా భర్త. ఎనిమిది తలలూ ఒక్కసారిగా వర్నా వైపు తిరిగాయి. ఆమె మినిట్స్ పుస్తకంలో అప్పటికే రాసిన తేదీని మళ్లీ రాసింది. ఓటు రద్దయింది. సమావేశం వారం రోజులు వాయిదా పడింది.

ఇంటికి వెళ్లేసరికి ఎర్విన్ వంటింట్లో చల్లటి మాంసం ముక్కలు రొట్టెలో పెట్టుకుని తింటున్నాడు. ఏసీలు బాగుచేసే పనిలో నలభై ఏళ్లు చేసి, మానేశానని చెప్పుకునే మనిషి.

“మేపుల్ వీధిలో నీకేం పని?” అంది వర్నా, చేతిసంచి కూడా దించకుండా.

ఎర్విన్ నమలడం పూర్తిచేశాడు. “క్లినిక్‌లో కంప్రెసర్ పోయింది. నూట మూడు డిగ్రీల ఎండ. లోపల ఆడవాళ్లు అట్టముక్కలతో విసురుకుంటూ కూర్చున్నారు.”

“అక్కడికి ఇదే మొదటిసారా?”

“ఆరేళ్లయింది.”

“ఆరేళ్ల నుంచి నాకు చెప్పలేదా?”

“ఎలా చెప్పను? నువ్వు కార్యదర్శివి. చెబితే రాసుకోవాల్సి వస్తుంది.”

వర్నా కుర్చీలో కూలబడింది. ముందు కోపం వచ్చింది. ముప్పై ఎనిమిదేళ్లు ఒకే మంచం మీద పడుకున్న మనిషి దాగుడుమూతలాడాడని. తరవాత ఆ కోపాన్ని పక్కకి నెడుతూ ఇంకోటి లేచింది. ఆరేళ్లు. వెనక వాకిలి, మెట్లు, వెయిటింగ్ గది, అన్నీ ఇతను చూసి ఉంటాడు.

“మనవాళ్లెవరైనా…” అని గొంతు తగ్గించింది. “మన కమిటీవాళ్లు, వాళ్ల పిల్లలు, ఎవరైనా కనిపించారా?”

ఎర్విన్ కంచం కడిగి బోర్లించాడు. “నేను ఏసీలు చూస్తాను వర్నా. మనుషుల్ని చూడను.”

చెయ్యి ఫోన్ దాకా వెళ్లింది. బర్నీస్ నంబరు సగం నొక్కి వర్నా ఆగిపోయింది. ఏం చెప్పాలో తెలిసినా, చెప్పాక అది ఎవరి గుమ్మం ముందు ఆగుతుందో తెలియదు. పంతొమ్మిదేళ్లలో మొదటిసారి ఆమె చేయకుండానే ఫోన్ పెట్టేసింది.

ఆమె చెప్పకపోయినా ఎర్విన్ ఆరేళ్ల సంగతి శుక్రవారానికల్లా ఊరంతటికీ తెలిసింది. క్లినిక్ వాళ్లే ఎవరితోనో మెచ్చుకోలుగా అన్నారు. ఇప్పుడు కౌంటీ ఎర్విన్‌ని దులిపేస్తుందని వర్నా గుండె చిక్కబట్టుకుని కూర్చుంది. తలుపు చప్పుడైంది. బర్నీస్ నిలబడి ఉంది, చేతిలో పీచ్ కేకుతో.

“ఎర్విన్‌కి. పాపం, ఎండలో తిరుగుతున్నాడు,” అంది వర్నా కళ్లలోకి చూడకుండా. గుమ్మం దాటుతూ వెనక్కి తిరిగింది. “ఆయన ఎక్కువ మాట్లాడే మనిషి కాదు కదూ?”

“కాదు.”

“మంచిది.”

శనివారం నాడీన్ చెర్రీ కేకు తెచ్చింది. ఆదివారం చర్చి నుంచి వచ్చేసరికి వాకిట్లో రెండు రొట్టెలు, ఒక జామ్ సీసా ఉన్నాయి. రెండు పక్షాలవాళ్లవీ. వర్నా ఒక్కొక్క గిన్నెనీ తిప్పి అడుగున అంటించిన పేరు చీటీ చూసింది. ఎవరిది, ఎందుకు, ఏ ఏడాది, ఎవరి కూతురు, ఎవరి చెల్లెలు. ఏమీ లేకపోయినా భయపడి తెచ్చారేమోనని ఒక అనుమానం, ఏమీ లేకపోతే ఎందుకు భయపడతారని ఇంకో అనుమానం. బుధవారానికి ఆమెకి నిద్ర కూడా సరిగా పట్టలేదు. తెల్లారి లేచి గిన్నెలన్నీ తోమి, పేరు రాసిన చీటీలు తీసేసి, ఏది ఎవరిదో తనకే తెలియకుండా ఒకదాని మీద ఒకటి పేర్చేసింది.

గురువారం సమావేశం పదకొండు నిమిషాల్లో ముగిసింది. గర్భస్రావం మీద పార్టీ వైఖరి అనే అంశం రాగానే హోమర్ గొంతు సవరించుకుని, “దీన్ని ఎన్నికలయ్యాక చూద్దాం,” అన్నాడు. వాదనకి ఎవరూ లేవలేదు. టకెట్‌కో పమేలాకో ఎవరికి నచ్చినవాళ్లకి వాళ్లు పనిచేసుకోవచ్చని తొమ్మిదిమందీ ఒకే మాట మీద నిలబడ్డారు. ఏప్రిల్ తరవాత మొదటిసారి నాడీన్ కలిపిన కాఫీ బర్నీస్ తాగింది.

వర్నా కారు దగ్గరికి వెళుతుంటే హోమర్ వెనకే వచ్చాడు. అటూ ఇటూ చూసి, గుడ్డ కప్పిన పళ్లెం ఒకటి ఆమె చేతిలో పెట్టాడు.

“మా ఆవిడ చేసింది. ఎర్విన్‌కి,” అన్నాడు.

ఆ కేకు అడుగు మాడింది, నడుమ పచ్చిగా ఉంది, వంటింట్లో ఎన్నడూ అడుగుపెట్టని మగవాడు తలుపులేసుకుని చేసినట్టుంది. ఎర్విన్ అంతా తిని, బాగుందన్నాడు.