తిరిగి ఇవ్వవలసిన కవర్లు

ఆదివారం ఉదయం అయిదున్నరకు ఫ్లాస్కులో టీ పోస్తూ సంయుక్త ఆ రోజు పనులన్నీ మరోసారి గుర్తు చేసుకుంది. ఆరింటికి బస్సు. ఏడున్నరకు ఊరి బయట ఉన్న అడవి. పదకొండింటికి ఫారెస్టు రేంజ్ ఆఫీసరు వచ్చేలోపు దారి పొడవునా పడి ఉన్న చెత్తంతా ఏరి కట్టి పెట్టాలి.

చిక్కడపల్లిలో వాళ్ల అపార్ట్‌మెంట్ మేడమీది గదికి ఏళ్లుగా తాళం వేసే ఉంది. ఆడవాళ్లు కూర్చుని చదువుకోవడానికి దాన్ని ఇమ్మని ఆమె మూడేళ్లుగా అడుగుతోంది. "ముందు ఈ అడవి పనొక్కటి షురూ చేసి చివరిదాంక చేసి చూపెట్టమ్మా. ఆఫీసరు మెచ్చుకుంటే తాళంచెవి నీ చేతిల పెడ్త," అన్నాడు సంఘం అధ్యక్షుడు రామచంద్రరావు. అలా జరగదని ఆయనకు గట్టి నమ్మకం. జరగకపోవడాన్ని కళ్లారా చూడాలని బస్సులో ముందు సీటు పట్టుకున్నాడు.

సంచులు కొనాల్సిన పని పడలేదు. ఏ ఇంట్లోనైనా వంటింటి తలుపు వెనక ఒక కవరు, దాని నిండా కవర్లు ఉండనే ఉంటాయి. ఇంటికి రెండు ఇమ్మంటే ఎవరూ కాదనలేదు. కాకపోతే గరిటె మీద కూడా పేరు చెక్కించుకునే ఇళ్లవి. ప్రతి కవరు మీదా మార్కరుతో పేరు, ఫ్లాటు నంబరు, కింద "తిరిగి ఇవ్వవలెను" అని రాసి మరీ ఇచ్చారు.

"అక్కా, ఇది పట్టుచీరల షాపుది. పనైనంక కడిగియ్యాలె," అని బస్సు నారాయణగూడ ఫ్లైఓవర్ దాటకముందే మూడుసార్లు చెప్పింది 302లో ఉండే జ్యోత్స్న.

అశోక్‌నగర్ హాస్టల్లో ఉంటూ సర్కారు కొలువు పరీక్షలకు చదువుతున్న అనుదీప్, తనలాంటి వాళ్లను ఎనిమిది మందిని వెంటబెట్టుకొచ్చాడు. పని బాగానే చేశారు గానీ ప్రతి దానికీ ఒక సందేహం.

"అక్కా, ఆకుకు చాక్లెట్ కాగితం అతుక్కుంది. ఇది చెత్తనా, అడవా?"

"నీకేమనిపిస్తుంది?"

"ఆప్షన్లు లేకుండ చెప్పుమంటె ఎట్లక్కా?"

అయినా పదింటికల్లా ఇరవై ఆరు కవర్లు నిండి గేటు పక్కన వరసగా నిలబడ్డాయి. అందరూ పులిహోర తినడానికి బస్సెక్కారు. సరిగ్గా ఆ పావుగంటలోనే కోతులు దిగాయి. చిప్స్ ప్యాకెట్ల వాసనకు ఒక్కో కవరును ఒక్కో కోతి చెట్టు మీదికి పట్టుకుపోయి, తీరిగ్గా చింపి, కింద పారేసింది. అంతకుముందు చెత్త దారి పక్కనే ఉండేది. ఇప్పుడు అడవంతా అయింది.

వాళ్లు చేతులు కడుక్కుని వచ్చేసరికి యూనిఫాంలో ఉన్న ఫారెస్టు గార్డు శ్రీశైలం అక్కడ నిలబడి ఉన్నాడు. వీళ్లు వస్తున్నట్టు అతనికెవరూ చెప్పలేదు. నేలమీంచి ఒక కవరు తీసి చదివాడు.

"త్రీ నాట్ టూ జ్యోత్స్న ఎవరు?"

"మాదే అన్నా! దొరికిందా?" అంటూ ఉరికింది జ్యోత్స్న. అతను నోటుబుక్కులో రాసుకున్నాడు. అది చూసి మిగతా ఆడవాళ్లు కూడా వెనకబడలేదు. "అన్నా, నాది నీలం రంగుది!" "జిప్పుది మాది!" అంటూ వరసగట్టి అందరూ పేర్లు రాయించుకున్నారు. సంయుక్త కళ్లతో సైగ చేస్తూనే ఉంది. కవర్లు కనిపిస్తుంటే కళ్లవైపు చూసేదెవరు?

"నాకేం సంబంధం లేదు, నేను చూడనీకె వచ్చిన," అన్నాడు రామచంద్రరావు.

"రామచంద్రరావు, అధ్యక్షుడు," గార్డు ఇంకో కవరు చదివాడు. "ఫోన్ నంబరు సుత ఉంది."

"అది ఫారిన్ కవరయ్యా! పిడి తెగిందా, జర చూడు!"

శ్రీశైలం నోటుబుక్కు పేజీ తిప్పాడు. "ఇన్నేండ్ల నౌకరీల చెత్తేసెటోళ్లను మస్తుమందిని చూసిన. అడ్రసు రాసి ఏసెటోళ్లను ఇయ్యాల్నే చూస్తున్న."

"మేం ఏరనీకె వచ్చినం అన్నా. ఇదంత కోతులు..." అంది సంయుక్త.

"దొరికినోళ్లందరు గదే చెప్తరు మేడం. మార్కరు గూడ కోతులే తెచ్చినయా?"

ఆఖరి కాగితం ఏరేదాకా బస్సు కదలడానికి వీల్లేదనీ, కదిలితే అందరి మీదా కేసు రాస్తాననీ అన్నాడు. అనుదీప్ బృందం చెట్లెక్కింది. కేసు అనే మాట వినగానే రామచంద్రరావు పంచె ఎగ్గట్టి ముళ్లపొదలోకి దూరాడు. పదకొండింటికి జీపు శబ్దం వినిపించగానే, ఇక తాళంచెవి మాట మరిచిపోవచ్చు అనుకుంది సంయుక్త.

రేంజ్ ఆఫీసరు దిగి, చెట్ల మీది కుర్రాళ్లనూ, పొదలోంచి బయటికి కనిపిస్తున్న అధ్యక్షుడి కాళ్లనూ చాలాసేపు చూశాడు.

"ఫొటో దిగి పోయేవాళ్లనే ఇన్నాళ్లూ చూశాను. చెట్టెక్కి మరీ ఏరేవాళ్లను చూడలేదు. ఎవరి ఆలోచన ఇది?"

శ్రీశైలం నోటుబుక్కు చప్పుడు కాకుండా జేబులో పెట్టుకున్నాడు. పొదలోంచి రామచంద్రరావు తల బయటికొచ్చింది. "నాదే సార్!"

"మీలాంటి వాళ్లు ప్రతి ఆదివారం రావాలి."

"తప్పకుండ సార్! అందరం వస్తం!"

ఆ ఆనందంలో సాయంత్రానికల్లా తాళంచెవి తెచ్చి ఆయనే ఇచ్చాడు. సంయుక్త మేడమీదికెళ్లి తలుపు తీసింది. విరిగిన కుర్చీలు, పాత లిఫ్టు తలుపు, పగిలిన చేపల తొట్టి, పరుపులు, పైకప్పుదాకా పేర్చి ఉన్నాయి. లోపల కాలు పెట్టే చోటు లేదు. అక్కడే నిలబడి, వచ్చే ఆదివారం అందరం కలిసి శుభ్రం చేద్దాం రండని గ్రూపులో పెట్టింది.

ముప్ఫై మంది చదివారు. అందరికీ ఆ రోజు అడవిలో పని ఉందట.