స్వయముగా లేచిన సైడుస్టాండు విజయము

లాలాపేట్ వంతెనపై బస్సుల భేరీనాదము మిన్నుముట్టుచుండగా, ఉప్పల్ మీద కారుమబ్బులు గజసేనలవలె కదలుచుండగా, క్రీస్తుశకము రెండువేల తొమ్మిదవ యేట ఆషాఢమాసమున, నాచారం పారిశ్రామికవాడలోని ఒక రేకుల షెడ్డు రణక్షేత్రముగా, ఇరువురు మానవులకును ఒక సైడుస్టాండుకును జరిగిన ఘోరసమరమును ఆలకింపుడు.

కాకినాడ నుండి వచ్చి చిల్కానగర్‌లో స్థిరపడిన లేతుయంత్రాధిపతి గిరిప్రసాద్ ఈ కథకు నాయకుడు. ఆయన అర్ధాంగి, ఉపాధ్యాయిని కమలకుమారి, జ్యేష్ఠమాసమున స్టాండు తీయ మరచి స్కూటరుపై బయలుదేరెను. ఉప్పల్ చౌరస్తాలో ఎడమకు తిరుగబోగా ఆ దుష్ట లోహపాదము నేలను తన్ని, ఆమెను పడద్రోసి, మణికట్టు విరిచెను. కట్టు విప్పిన పిదపనూ ఆమె బండి నంటలేదు; రెండు బస్సులు మారి బడికేగుచుండెను.

“అమ్మేయండి దాన్ని. చూస్తేనే చెయ్యి లాగుతోంది” అనెను.

ఆ మాట గుండెలో ములుకై నాటగా, గిరిప్రసాద్ హబ్సిగూడ నెట్ సెంటరున మూడు గంటలు తపమాచరించి, ఏనాడో విదేశీయుడొకడు కనిపెట్టిన, తనంతట తానే మడుచుకొను స్టాండు పేటెంటును పంతొమ్మిది పుటలుగా ప్రింటు తీయించి, తన నాచారం షెడ్డులోని వెల్డింగువీరుడైన ఉప్పలయ్య ముందుంచెను.

“ఎవలిదో సొత్తు మనం జేస్తే కేసు గాదా సారూ?” అని ఉప్పలయ్య శంకించెను.

గిరిప్రసాద్ స్పానరెత్తి పలికెను: “వినుము, స్ఫులింగవర్షీ! గడువు తీరిన పేటెంటు కంచె కూలిన మామిడితోట; ఫలములు సర్వజనులవి. ఇయ్యది సిద్ధించినచో ఉప్పల్ మొదలు చర్లపల్లి దాకా ద్విచక్రవాహనకోటికి మనమే స్టాండుప్రదాతలము.”

“తెలుగుల జెప్పు సారూ.”

“టైమ్ అయిపోయింది. ఎవరైనా చేసుకోవచ్చు.”

“గట్ల జెప్పు మరి.”

అంతట ఆ స్కూటరును షెడ్డున నిలుపగా యుద్ధమారంభమయ్యెను. తొలినాడు సన్నని స్ప్రింగు తగిలింపగా స్టాండు దిగి, ఎంత బతిమాలినను లేవలేదు. మలినాడు మరింత బలమైన స్ప్రింగును తగిలింపగా, అది కొక్కెము తెంచుకొని, అమోఘాస్త్రమై ఎగసి, చాయ్ తెచ్చిన మల్లవ్వ చేతి గ్లాసును భగ్నము చేసెను.

“నా గిలాస మీకేం జేసిందయ్యా?” అని ఆమె శాంతముగా అడిగెను.

మూడవనాడు, ఇరువురు కలిసి లాగినగాని సాగని ఘోరస్ప్రింగును బిగింపగా, స్టాండు మునుపటికన్న గట్టిగా నేలనంటెను. నాయకుడు డబ్బాపై కూలబడెను.

“నాలుగుసార్లు చదివాను ఉప్పలయ్యా. ఇక నా వల్ల కాదు. బండి అమ్మేద్దాం.”

ఉప్పలయ్య ఆ కాగితములందుకొని, ఒక బొమ్మను చాలసేపు చూచెను. “నువ్వు అక్షరాలు జదివినవ్ సారూ. జర బొమ్మ సూడు. గిండ్ల స్ప్రింగు, స్టాండు తిరిగే ఇరుసు దాటుతలేదు. మనది దాటుతున్నది. దాటితే కిందికే గుంజుతది, పైకెట్ల లేస్తది?”

స్ప్రింగు తగులు చోటును బొటనవ్రేలి వెడల్పున పక్కకు జరిపి కొత్త రంధ్రము తొలిచిరి. మొదటి సన్నని స్ప్రింగునే తగిలించిరి. బండి వాలియున్నంతసేపు దాని బరువు స్టాండును నొక్కిపట్టెను; నిటారుగా నిలిపినంతనే స్టాండు టక్కున లేచెను.

ఆదివారము గిరిప్రసాద్ కమలకుమారిని షెడ్డుకు తోడ్కొనివచ్చెను. “ఒక్కసారి. నాచారం చౌరస్తా దాకా” అని బతిమాలెను. ఆమె చాలసేపు నిలిచి, పిదప కూర్చుండి, బండిని నిటారుగా నిలిపెను. ఆమె కాలు తాకకయే స్టాండు లేచెను. మల్లవ్వతో కూడ మువ్వురు చూచుచుండగా, ఆమె మలుపున ఎడమకు తిరిగి కనుమరుగయ్యెను. కొంతసేపటికి సుఖముగా మరలివచ్చెను.

“బ్రేకు కీచుమంటోంది, చూడండి. రేపు బడికి దీని మీదే వెళ్తాను.”

స్టాండు సంగతి ఆమె గమనింపనేలేదు. గిరిప్రసాద్ వివరింప నోరు తెరువగా, ఉప్పలయ్య ఆయన మోచేయి పట్టెను.

“ఊకో సారూ. తెల్వకపోతేనే పని అయినట్టు.”

“మా అల్లుని బండికి గూడ ఒకటి బెట్టుండ్రి” అని మల్లవ్వ తొలి ఆర్డరొసంగెను.

కావున దిగ్దిగంతములారా, తెలియుడు: పంతొమ్మిది పుటలును, మూడు స్ప్రింగులును, ఒక గాజుగ్లాసును ధారవోసి, ఇరువురు మహావీరులు సాధించిన అఖండవిజయమున నాచారమందు ఒకానొక స్టాండు, జానెడు మేర, పైకి లేచెను.