మహాకవికి సన్మానం, తదనంతరం భోజనం

ఉక్రెయిన్ దేశపు జాతీయ కవి, చిత్రకారుడు అయిన ఒక మహనీయుడికి దక్షిణ ఇంగ్లండు తెలుగు సాహితీ సౌరభ సమితి వారు ఆ మధ్య ఒక శనివారం ఘనసన్మానం చేశారని తెలియజేయడానికి సంతోషిస్తున్నాం. కార్యక్రమం గంటన్నర ఆలస్యంగా మొదలైంది. సన్మానగ్రహీత పోయి నూట అరవై ఏళ్ళు దాటినా ఆలస్యానికి కారణం ఆయన కాదు. ఆయన అందరికన్నా ముందే వచ్చి కుర్చీలో కూర్చున్నారు.

ఆ మహనీయుడి పేరు ఈ కథలో ఎక్కడా రాదు. సభలోనూ రాలేదు. సమితి కార్యదర్శి, వ్యాఖ్యాత అయిన చక్రి ఆ పేరు పలకబోయి రెండుసార్లు నాలిక కరుచుకుని, మూడోసారి "మన కవిగారు" అని తేల్చేశాడు. అందరికీ అదే సుఖంగా ఉంది.

కవిగారికి ఇక్కడో మ్యూజియం ఉంది. బేసింగ్‌స్టోక్ దాటాక ఒక చిన్న ఊళ్ళో, బట్టలుతికే షాపు మీద, ఒక హాలూ ఒక గదీ. రెండో ప్రపంచయుద్ధం తర్వాత వలస వచ్చిన ఉక్రెయిన్ వాళ్ళు తలో చెయ్యీ వేసి పెట్టుకున్నది. ఆయన గీసిన బొమ్మల నకళ్ళు, పుస్తకాలు, ఛాతీ దాకా ఉన్న ఒక విగ్రహం, దానికి గుబురు మీసాలు. ఇదంతా చూసుకునేది హలీనా అనే రిటైరైన నర్సు. సమితి సభ్యురాలు డాక్టర్ పద్మిని ఆపరేషన్ థియేటర్లో మత్తు ఇస్తుంటే, ఇరవై ఏళ్ళ పాటు పక్కన నిలబడ్డది ఈవిడే. పద్మిని భర్త చనిపోయిన ఏడాదంతా హలీనా చెప్పాపెట్టకుండా వచ్చి, బీట్‌రూట్ చారు కాచి పొయ్యి మీద పెట్టి, ఓదార్పు మాటలేవీ ఆడకుండా వెళ్ళిపోయేది. ఆ చారు తాగే పద్మిని ఆ ఏడాది గట్టెక్కింది.

అలాంటి హలీనా ఒకరోజు ఫోన్ చేసి, ఊరి కౌన్సిల్ వాళ్ళు హాలు తీసేసుకుంటారట అంది. మనుషులు రాని మ్యూజియం ఎందుకని వాళ్ళ ప్రశ్న. వచ్చే నెల కౌన్సిల్ నుంచి ఒకావిడ చూడ్డానికి వస్తుంది, ఆ రోజు ఎవరూ లేకపోతే అంతే.

"మీవాళ్ళను తీసుకురా పద్మినీ. నాకింకేం వద్దు. ఆయన పద్యం ఒక్కటి, ఏ భాషలోనైనా సరే, ఆ హాల్లో ఎవరైనా పైకి చదివితే చాలు. ఆ గోడలు విని చాలా ఏళ్ళైంది."

"నేనే చదువుతాను" అని పద్మిని మాటిచ్చింది. ఇంగ్లీషు అనువాదం పక్కన పెట్టుకుని, ఆసుపత్రి డ్యూటీల మధ్య దొరికిన సెలవులన్నీ ధారపోసి, ఎనిమిది పంక్తులు తెలుగులోకి తెచ్చింది. కాలేజీ రోజుల తర్వాత ఆమె తెలుగులో రాసింది అదే. రాసుకున్నాక తనకు తనే చదువుకుని కాస్త ఏడ్చింది కూడా.

ఇక జనం కావాలి. మ్యూజియానికి రండి అంటే మనవాడు రాడు. అదెక్కడికి పోతుంది, ఎప్పుడైనా చూడొచ్చులే అంటాడు. సన్మానం, తదనంతరం భోజనం అన్నామా, లండన్‌లోని స్టాన్‌మోర్ నుంచి, ఈస్ట్ హామ్ నుంచి పిల్లాజెల్లాతో దిగుతాడు. ఈ సూక్ష్మం తెలిసిన పద్మిని నేరుగా సమితి అధ్యక్షులు, ప్రముఖ ఎముకల వైద్యులు డాక్టర్ రామమోహనరావు గారి దగ్గరికి వెళ్ళింది.

"సభ అన్నాక సన్మానం ఉండాలి కదండీ. ఎవరికి చేద్దాం?" అన్నారు రావుగారు.

"కవిగారి మ్యూజియంలో ఇంకెవరికండీ?" అంది పద్మిని, మాట జారుతున్నానని తెలియక.

"బ్రహ్మాండం! పోయినవాళ్ళైతే మరీ మంచిది. సన్మానగ్రహీత స్పందన అని మళ్ళీ ఓ అరగంట తినరు."

కార్యవర్గం మూడుసార్లు సమావేశమైంది. శాలువాకు చిక్కు లేదు, విగ్రహానికి భుజాలున్నాయి. పెళ్ళిళ్ళకు అద్దెకిచ్చే ఎర్ర వెల్వెట్ కుర్చీ తెప్పించి అందులో కూర్చోబెడితే సరిపోతుంది. చిక్కల్లా గండపెండేరం దగ్గర వచ్చింది. మహాకవి అన్నాక కాలికి గండపెండేరం తొడగాలి. విగ్రహం ఛాతీతో ఆగిపోయింది. ఇందులో శిల్పి దూరదృష్టి లోపించిందని కార్యవర్గం విచారం వ్యక్తం చేసింది. చివరికి కవిగారి తరఫున తమ కాలికే తొడిగించుకునే శ్రమకు రావుగారు అంగీకరించారు. ఆ త్యాగాన్ని ఏకగ్రీవంగా హర్షించారు.

శనివారం హాలు కిటకిటలాడిపోయింది. కవిగారు తన బొమ్మ తానే గీసుకున్న పటం వేదిక వెనక గోడకుంది. ఫ్లెక్సీ కట్టడానికి అదే అనువైన మేకు కావడంతో పటాన్ని దించి గదిలో, మంచినీళ్ళ సీసాల పక్కన, భద్రపరిచారు. ఫ్లెక్సీలో కార్యవర్గం మొత్తం నమస్కారం పెడుతోంది. ఓ మూలన తపాలా బిళ్ళంత కవిగారు కూడా ఉన్నారు.

కూతురింటికి వచ్చిన ఆండాళమ్మగారు విగ్రహానికి కుంకుమ పెట్టి, మీసాలు చూసి ముచ్చటపడింది.

"అచ్చం మా మావగారేనమ్మా! ఈయనకి పిల్లలెంతమంది?"

"పెళ్ళి కాలేదు పిన్నిగారూ" అంది పద్మిని.

"అయ్యో పాపం! అందుకే కాబోలు పద్యాలు రాసుకున్నాడు."

ఆ రోజు కవిగారి జీవితం మీద జరిగిన చర్చ ఇదొక్కటే.

పద్యం ప్రార్థన కాగానే అనుకున్నారు. ముందు శాలువా కానిద్దాం అన్నాడు చక్రి. శాలువా అయ్యాక జ్ఞాపిక అన్నాడు. ముందు వరసలో కౌన్సిల్ ఆవిడ పక్కన కూర్చున్న హలీనా, ఇస్త్రీ చేసిన తమ దేశపు ఎంబ్రాయిడరీ చొక్కాలో, పద్మిని వైపు కళ్ళతోనే "ఇప్పుడేనా?" అని అడుగుతోంది. పద్మిని చివరికి ఆవిడ చెవి దగ్గర వంగి, "ఇదిగో, తర్వాత అదే" అని కాగితం పట్టుకుని లేచింది. ఈలోగా మైకు రావుగారి చేతికి వెళ్ళింది.

"సోదర సోదరీమణులారా! కవి అంటే ఎవరు? నిలబడేవాడు! నిలబడాలంటే ఏం కావాలి? మోకాలు!" అన్నారు రావుగారు. హాలు చప్పట్లతో మారుమోగింది. ముప్పై ఏళ్ళలో తాము మార్చిన మోకాళ్ళను రావుగారు ఊరూరా స్మరించుకున్నారు. పద్మినికి మత్తులో మునుగుతున్నవాళ్ళను గుర్తుపట్టడం వృత్తి. వెనక వరసలు అప్పటికే పూర్తిగా మునిగాయి. అక్కడితో ఆగక, తాము స్వయంగా మోకాలి మీద చెప్పిన సీసపద్యం రావుగారు రాగం తీసి, చెయ్యెత్తి, గండపెండేరం ఉన్న కాలు నేలకు తాటిస్తూ పాడారు. ఆఖరి పాదం రెండుసార్లు పాడారు.

పద్మిని మైకు అందుకోబోయింది. చక్రి అడ్డం వచ్చాడు.

"మేడమ్, కేటరింగ్ వాళ్ళు మూతలు తీసేశారు. మీది చిన్నదేగా! లంచ్ అయ్యాక హాయిగా చదువుదురుగాని. వెజ్ వాళ్ళు గదిలో ఎడమవైపు లైనండీ!"

రాయొద్దు, బొమ్మ గీయొద్దు అని రష్యా జార్ చక్రవర్తి స్వయంగా ఉత్తర్వు వేసి, ఏళ్ళ తరబడి ఎక్కడో ఎడారి కోటలో సిపాయిగా పడేసినా ఆగని కవి ఆయన. గుత్తివంకాయ వాసనకు ఆయన హాలు రెండు నిమిషాల్లో ఖాళీ అయింది.

"సిగ్గు లేదా మనకి? ఎనిమిది లైన్లు! తిండికి ఎనిమిది లైన్లు ఆగలేమా?" అని పద్మిని అరిచింది. మైకు అప్పటికే భోజనాల లైను దగ్గరికి వెళ్ళిపోవడం వల్ల ఈ ఉపన్యాసం సభికులకు చేరలేదు.

అంతలో కౌన్సిల్ ఆవిడ, రిపోర్టులో పెట్టడానికి పద్యం చదువుతున్న ఫొటో ఒకటి కావాలంది. రావుగారు కేక వేయగానే జనమంతా పళ్ళేలు వెనక దాచుకుని వచ్చి, పరవశించిన ముఖాలతో కూర్చున్నారు. పద్మినికి ప్రాణం లేచొచ్చింది. కాగితం విప్పి, గొంతు సవరించుకుని, మొదటి మాట అంది.

"ఆంటీ, కదలకండి! పెదాలు కదిలితే ఫొటో బ్లర్ అవుతోంది. నోరు కొంచెం తెరిచి అలా ఉంచండి చాలు" అన్నాడు కెమెరా కుర్రాడు.

పద్మిని నోరు తెరిచి అలా ఉంచింది. ఫొటో చాలా బాగా వచ్చింది. జనం పెరుగన్నానికి తిరిగి వెళ్ళారు.

అప్పుడు హలీనా వచ్చి పద్మిని రెండు చేతులూ పట్టుకుంది. ఆవిడ కళ్ళు ఎర్రగా ఉన్నాయి.

"నువ్వే చదువుతావనుకున్నాను. మీ అధ్యక్షుడికిచ్చి మంచి పని చేశావు. ఎంత పెద్ద గొంతు! ఎలా చెయ్యెత్తాడు! మీ భాష నాకు రాకపోతేనేం, ప్రతి మాటా అందింది. మా ఊళ్ళో మా నాన్న ఇలాగే చదివేవాడు పద్మినీ. ఆ పద్యమే కదూ?"

పద్మిని చేతిలో కాగితం ఉంది. హాల్లో ఎవరూ లేరు. మైకు కూడా అక్కర్లేదు.

"అవును, అదే" అంది పద్మిని. కాగితం మడిచి హ్యాండ్‌బ్యాగులో పెట్టుకుంది. ఇద్దరూ వెళ్ళి భోజనాల లైనులో నిలబడ్డారు.

ఆ ఫొటో చూసి కౌన్సిల్ వారు పరమానందభరితులై మ్యూజియాన్ని శాశ్వతంగా ఉంచాలని తీర్మానించారు. ఇప్పుడక్కడ శనాదివారాలు ఖాళీ దొరకడం లేదు. సన్మానాలకు అంత కలిసొచ్చిన హాలు దేశంలో మరొకటి లేదని ప్రతీతి. మేకు కోసం వెతుక్కోనక్కర్లేకుండా మిగతా పటాలు కూడా దించేశారు.

పద్మిని తెలుగు చేసిన ఆ ఎనిమిది పంక్తులనూ ఇక్కడ అచ్చు వేయాలని మేము నిజంగానే అనుకున్నాం. అయితే కథ మధ్యలో పద్యం కనబడగానే మీ చూపు దాని మీదుగా దూకి కింది పేరాలో పడుతుందని మాకు తెలుసు. మీకా శ్రమ ఎందుకని పద్యం తీసేశాం.