పదకొండు గుడ్లు, ఒక పచ్చ స్టిక్కరు

త్రినాథరావు దృష్టిలో లోకంలోని వస్తువులు రెండే రకాలు. స్టిక్కరున్నవి, స్టిక్కరు లేనివి. రెండో రకాన్ని ఆయన చచ్చినా నమ్మడు.

పటాన్‌చెరు దగ్గర ఓ పెద్ద ఫ్యాక్టరీలో ముప్పై ఒక్క ఏళ్ళు కొలత పరికరాలను పరీక్షించే ఉద్యోగం చేశాడాయన. సరిగ్గా ఉన్నదానికి పచ్చ స్టిక్కరు, లేనిదానికి ఎర్ర స్టిక్కరు. రిటైరైన రోజున తోటివాళ్ళు శాలువా కప్పి, ఆయన రోజూ వాడిన గాజు థర్మామీటరును బహుమతిగా ఇచ్చి, వేళాకోళానికి రెండు స్టిక్కర్ల చుట్టలు కూడా చేతిలో పెట్టారు. అది వేళాకోళమని ఆయనకు ఇప్పటికీ తెలియదు.

చిట్కుల్‌లోని ఇంట్లో వారం తిరక్కముందే ప్రెషర్ కుక్కరుకు పచ్చది పడింది, గోడ గడియారానికి ఎర్రది పడింది. భార్య నాగరత్నం చేసిన సాంబారు గిన్నెకు ఎర్రది అంటించిన పూట మాత్రం ఆయన అరటిపండుతో సరిపెట్టుకున్నాడు.

ఇలాంటి మనిషి చేతికి గుడ్లు అప్పగించడం పక్కింటి సంగమ్మ తప్పు కాదు. పాపం, ఆవిడకు వేరే దారి లేదు. వాళ్ళమ్మమ్మ కాలం నుంచి ఆ ఇంట్లో వస్తున్న నల్ల నాటుకోడి జాతిలో ఒకే ఒక్క పెట్ట మిగిలితే, పొదగేసిన పొద్దునే దాన్ని కుక్క ఎత్తుకుపోయింది. ఇక మిగిలినవి గంపలో పదకొండు గుడ్లు.

"ఇగ మా అమ్మమ్మ కోళ్ళ పేరే లేకుంట పోయె రత్నమ్మా," అని సంగమ్మ కొంగుతో కళ్ళొత్తుకుంటుంటే, త్రినాథరావు పేపరు కిందికి దించాడు.

"ఏడవకు సంగమ్మా. కోడి చేసే పనేముంది? ముప్పై ఏడున్నర డిగ్రీల వేడి ఇవ్వడం. అది నేనిస్తాను."

"మీరు పొదుగుతారా?" అంది నాగరత్నం.

"నేను కాదే, అల్మారా."

"ఏ అల్మారా?" ఆవిడ గొంతులో అనుమానం. ఎందుకంటే ఇంట్లో అల్మారా ఒక్కటే, అందులో ఉన్నవి ఆవిడ ఆవకాయ జాడీలు.

రెండు రోజుల్లో జాడీలు నేల మీదికొచ్చాయి. అల్మారా పై అరలో బల్బులు, పాత కంప్యూటర్లోంచి ఊడబీకిన ఫ్యాను, అడుగున నీళ్ళ గిన్నె, లోపలి పక్కన వేడి పెంచి తగ్గించే నాబు, గుడ్లను బయటి నుంచే అటూ ఇటూ వంచడానికి ఒక పిడి వచ్చాయి. తలుపు పైభాగాన అరచేయంత గాజు పలక బిగించి, దాని వెనకాలే తన థర్మామీటరును వేలాడదీశాడు. మోకాళ్ళ నొప్పుల మనిషి, వంగకుండా కనబడాలి కదా. అక్కడికి బల్బు జానెడు దూరం. గుడ్లేమో రెండరల కింద.

దేనికైనా మంచిదని ఇస్నాపూర్‌లో మూడు చవకరకం థర్మామీటర్లు కొని గుడ్ల పక్కన పెట్టాడు. పైనున్నది ముప్పై ఏడున్నర అంది. కిందివి మూడూ ముప్పై నాలుగన్నాయి.

"మూడూ తప్పే!" అని మూడింటికీ ఎర్ర స్టిక్కర్లు అంటించాడు.

"మూడూ ఒకే మాట అంటున్నాయి కదండీ."

"ముగ్గురు కలిసి చెబితే అబద్ధం నిజమైపోతుందా? నా దానికి పచ్చ స్టిక్కరుంది."

"ఎవరు అంటించారు?"

"నేనే!"

నాగరత్నం ఇంకేమీ అనలేదు. ముప్పై ఆరేళ్ళ కాపురంలో ఆవిడ మాట్లాడకుండా ఊరుకోవడం ఆయనకు ఎప్పుడూ కలిసిరాలేదు.

గాజులోంచి చూసిన రీడింగు చెల్లదని, ఆ రోజు నుంచి పావుగంటకోసారి తలుపు తెరవడం, రీడింగు పుస్తకంలో రాయడం. తెరవగానే వేడి బయటికి పోయేది. పోయిందని నాబు తిప్పేవాడు. కాసేపటికి ఎక్కువైందని వెనక్కి తిప్పేవాడు. పెరిగిందా తగ్గిందా అని మళ్ళీ తలుపు తెరిచేవాడు.

"ఇడ్లీ పాత్ర మూత నిమిషానికోసారి తీస్తే ఇడ్లీలు ఉడుకుతాయిటండీ?"

"తీయకపోతే ఉడికాయని ఎలా తెలుస్తుంది?"

"మీరు కడుపులో ఉన్నప్పుడు మీ అమ్మగారు గంటకోసారి తీసి చూశారా?"

ఈ ప్రశ్న ఏ మాన్యువల్లోనూ లేదు కాబట్టి ఆయన మళ్ళీ తలుపు తెరిచాడు.

మూడో రోజు సంగమ్మ వచ్చింది. ఒక గుడ్డు తీసి, కళ్ళు మూసుకుని రెప్పకు ఆనించింది.

"సల్లగున్నది సారూ. కోడి కింది గుడ్డు రెప్పకు పెడితే ఎచ్చగ తాకుతది."

"ముప్పై ఏడున్నర ఉంటే చల్లగా ఉందంటావేం? ఆ రెప్పను ఎప్పుడైనా పరీక్ష చేయించావా?"

సంగమ్మ నవ్వలేదు. గుడ్డును రెండు చేతుల మధ్య దాచుకుని, "గివే ఉన్నయి సారూ నాకు. ఇవి పోతే ఎంత తిరిగినా మల్ల దొర్కయి. జెర సూడు," అంది. త్రినాథరావుకు గుండె కలుక్కుమంది. ఆ బాధలో తలుపును ఐదు నిమిషాలకోసారి తెరవడం మొదలుపెట్టాడు.

మర్నాడు వాకింగు నుంచి వచ్చేసరికి గాజు పలకకు క్యాలెండరు కాగితం అంటించి ఉంది. తలుపు సందుకు అడ్డంగా స్టిక్కరు. దానిమీద నాగరత్నం గుండ్రటి అక్షరాలు: "సీలు వేయబడినది. తెరవరాదు."

"ఏమిటిది?"

"థర్డ్ పార్టీ ఇన్‌స్పెక్షన్ జరిగింది."

బయటివాళ్ళొచ్చి చేసే తనిఖీ అది; సర్వీసులో ఆ మాట వింటేనే ఆయన చొక్కా గుండీలు సరిచేసుకునేవాడు. ఇప్పుడూ చెయ్యి దానంతటదే గుండీల మీదికి పోయింది.

"ఎవరొచ్చారు?"

"మీరొక పార్టీ, నేనొక పార్టీ. సంగమ్మ మూడో పార్టీ."

"రిపోర్టు?"

"పిల్లలయ్యాక ఇస్తారట. ఈలోగా సీలు తీసినవాడి ఉద్యోగం పోతుందట."

"నేను రిటైరయ్యానే!"

"మొగుడి ఉద్యోగంలోంచి ఇంకా కాలేదుగా?"

ముప్పై ఒక్క ఏళ్ళలో త్రినాథరావు ఒక్క సీలు కూడా తెంపలేదు. ఇప్పుడూ తెంపలేకపోయాడు. చేతులు వెనక్కి కట్టుకుని అల్మారా చుట్టూ తిరిగేవాడు. వేళకు పిడి తిప్పేవాడు. రోజూ వాకింగు నుంచి వచ్చేసరికి సీలు కొత్తగా కనబడుతుంటే, జిగురు మంచిదని మెచ్చుకునేవాడు.

ఇరవై ఒకటో రోజు గడిచింది. అల్మారాలో చప్పుడు లేదు. ఆయన కంచం పక్కకు జరిపాడు. "సంగమ్మ వాళ్ళమ్మమ్మ కోళ్ళను నా చేతులారా నాశనం చేశానే రత్నం," అన్నాడు. ఆవిడ పచ్చడి కలుపుతూ, "ఒక్కరోజు ఆగండి. మొదటి మూడు రోజులు చలికి వణికాయి కదా, ఆలస్యమవుతుంది," అంది. ఆ మాట అర్థం చేసుకునే స్థితిలో ఆయన లేడు.

ఇరవై రెండో రోజు పొద్దున అల్మారాలోంచి కిచకిచలు వినబడ్డాయి.

అంతే, త్రినాథరావు నడుం నిటారైంది. వీధిలోని ఆడవాళ్ళందరినీ పిలిచాడు. సంగమ్మ సీలు తెంపి తలుపు తీసింది. తొమ్మిది నల్ల పిల్లలు, ఒకదాని మీద ఒకటి. ఆవిడ అక్కడే చతికిలబడి, వాటిని ఒళ్ళో పోసుకుని ఏడుస్తూ నవ్వింది.

"చూశారా!" అని ఆయన గొంతు సవరించుకున్నాడు. "కొలత అంటే ఇదీ! ఈ థర్మామీటరే లేకపోతే..." అంటూ గాజు పలక వెనక్కి చెయ్యి పెట్టాడు. అక్కడేమీ లేదు.

థర్మామీటరు కింది అరలో, గుడ్లు ఉన్నచోట, జాకెట్టు దారంతో కట్టి వేలాడుతోంది. దాని పక్కన హోమియో మందు సీసా నిండా నీళ్ళు, అందులో ఇంట్లో జ్వరం చూసుకునే థర్మామీటరు. తలుపు తీసిన కాసేపట్లోనే గాజుది ముప్పై నాలుగుకు జారిపోయింది. సీసాలోనిది మీట నొక్కి చూస్తే ఇంకా తొంభై తొమ్మిదిన్నర ఫారెన్‌హీటే, అంటే అక్షరాలా ఆయన ముప్పై ఏడున్నర. నాబు ఆయన పెట్టిన గుర్తుకన్నా రెండు వేళ్ళు పైకి తిరిగి ఉంది.

"తలుపు తీస్తే గాలి పారిపోతుంది, గుడ్డు పారిపోదుగా," అంది నాగరత్నం మెల్లగా. "గుడ్డులో ఉండేది గాలి కాదు. అందుకే నీళ్ళకు జ్వరం చూశాను."

"అయితే నా థర్మామీటరు తప్పా?" ఆయన గొంతు నీరసంగా పలికింది.

"అది సత్యమే చెప్పిందండీ. పొయ్యి దగ్గర కూర్చున్నవాణ్ణి వీధిలో చలెంతుందని అడిగారు మీరు."

ఆడవాళ్ళంతా కొంగులు నోటికి అడ్డం పెట్టుకున్నారు. త్రినాథరావు కిందనున్న మూడు చవక థర్మామీటర్లకున్న ఎర్ర స్టిక్కర్లు పీకి, జేబులోంచి చుట్ట తీసి పచ్చవి అంటించాడు. తర్వాత ఎర్ర చుట్టను నాగరత్నానికి అందించి తలొంచుకు నిలబడ్డాడు.

ఆవిడ దాన్ని పక్కనబెట్టి, ఒక పచ్చది చింపి, దానిమీద ఏదో రాసి ఆయన జేబు మీద అంటించింది. ఆయన మొహం వెలిగిపోయింది. గడ్డం గుండెకు ఆనించి, అక్షరాలు తలకిందులుగా కూడబలుక్కుని చదువుకున్నాడు.

"వాడుకోవచ్చు. తలుపుకు దూరంగా ఉంచాలి."