పద్మనాభం గారి పరగడుపు

ఆ శనివారం ఉదయం పద్మనాభం గారు వేసుకున్న పథకం చాలా చిన్నది. తెలుగు సంఘం పెట్టిన రక్తదాన శిబిరానికి వెళ్ళడం, రిబ్బను కత్తిరించడం, రక్తం తీసుకునే బస్సు పక్కన నిలబడి ఊరి వార్తల పేజీకి ఫొటో దిగడం, మధ్యాహ్నానికి ఇంటికొచ్చి పడుకోవడం. ఈ పథకంలో సూది ఎక్కడా లేదు. సూదంటే ఆయనకు చచ్చేంత భయం. ఆ సంగతి భార్య జ్ఞానప్రసూనకు తప్ప మూడో మనిషికి తెలియదు. సంఘం ఆరోగ్య విభాగం అధ్యక్షుడు సూదిని చూసి వణుకుతాడని, అమెరికాలో వాళ్ళుండే ఈ మోరిస్‌విల్‌లో పొక్కితే ఇక తలెత్తుకు తిరగలేరు.

"బాగా తినండి. ఒకవేళ మిమ్మల్నీ ఇమ్మంటే?" అంటూ జ్ఞానప్రసూన మూడో పెసరట్టు వేసింది.

"ఆర్గనైజర్లు డొనేట్ చేయరు ప్రసూనా. క్రౌడ్ మేనేజ్ చేస్తారు," అని ఆయన నాలుగోది కూడా వేయించుకున్నారు, ఉప్మాతో సహా.

కమ్యూనిటీ హాలు పార్కింగ్ లాట్ నిండిపోయి ఉంది. పద్మనాభం గారి ఛాతీ ఉప్పొంగింది. బస్సు మెట్ల మీద నిలబడిన నర్సు, వరసలో మొదటివారైన సత్యం గారిని పొద్దున ఏం తిన్నారని అడిగింది.

"నథింగ్ మేడమ్! కాఫీ కూడా ముట్టలేదు," అన్నారాయన, పరీక్షలో ఫస్టొచ్చినవాడి ధీమాతో.

తినకుండా వస్తే రక్తం తీసుకోనని ఆమె పక్కకు పంపేసింది. రెండో ఆయనా అదే జవాబు. మూడో ఆవిడ నిన్న రాత్రి భోజనం కూడా తగ్గించిందట. ఇలా తినకుండా రమ్మని మీకెవరు చెప్పారని నర్సు అడిగింది. అందరూ పద్మనాభం గారి వైపు చూశారు.

ఆయన ఫోన్ తీసి చూసుకున్నారు. నిరుడు కొలెస్ట్రాల్ పరీక్షల శిబిరానికి పంపిన సందేశంలోనే తేదీ మార్చి, పరీక్ష అన్నచోట దానం అని పెట్టి గ్రూపులో వేశారు. అడుగున 'రాత్రి భోజనం తర్వాత ఏమీ తినరాదు, కాఫీ కూడా తాగరాదు' అన్న మాట చెక్కు చెదరకుండా ఉంది. మనవాళ్ళు గ్రూపులో ఏ సందేశాన్నీ చివరిదాకా చదవరు. ఖర్మ కాలి దీన్ని మాత్రం చదివారు.

"మరి మీరు తినొచ్చారా పద్మనాభం గారూ?" అని అడిగాడు కోశాధికారి కృష్ణమూర్తి. ఆ అధ్యక్ష పదవి మీద అతనికి చాలాకాలంగా కన్ను.

తిన్నానంటే ఊరు మొత్తానికి అర్హుడు తానొక్కడే. తిన్నగా రక్తం తీసే కుర్చీలోకే.

"అబ్బే! నేనూ పరగడుపే!" అన్నారు, అల్లం పచ్చడి త్రేన్పును బలవంతంగా మింగుతూ.

తింటే సరిపోయేదానికి కమిటీ చర్చ పెట్టుకుంది. డోనట్లు తెప్పిద్దామంటే, శనివారం గుడ్డు కలిసినవి వద్దన్నారు. ఇడ్లీలంటే, హోటలు ఇంకా తెరవలేదు. ఇళ్ళకెళ్ళి తినొస్తామంటే, పిల్లల టెన్నిసు, కూచిపూడి దాటి మళ్ళీ ఎవరూ రారు. ఈలోగా జనం నీరసించి నేల మీద కూలబడ్డారు.

కుక్కను తిప్పుతూ అటు వచ్చిన ఒక ముసలావిడ, వీళ్ళంతా ఇలా ఎందుకు కూర్చున్నారని అడిగింది. "రాత్రి నుంచి ఎవరూ ఏమీ తినలేదు మేడమ్. నాట్ ఈవెన్ కాఫీ! ఫ్యామిలీలకి ఫ్యామిలీలే!" అని కృష్ణమూర్తి గొప్పగా చెప్పాడు. ఆవిడ గుండెల మీద చెయ్యి వేసుకుని వెళ్ళిపోయింది. వెళ్ళి ఆ మాట తమ పేటవాళ్ళ ఆన్‌లైన్ పేజీలో రాసింది.

కాసేపటికి రోడ్డు పొడుగునా కార్లు ఆగాయి. రొట్టెలు, సూపు డబ్బాలు, అరటిపళ్ళు, వేరుశనగ ముద్ద పూసిన శాండ్‌విచ్‌లు దిగాయి. తన టెస్లాకు ఆనుకుని కూర్చున్న సత్యం గారి భుజాల మీద ఎవరో దుప్పటి కప్పారు. ఆయన అలవాటు కొద్దీ లేచి, సభకు నమస్కారం పెట్టారు.

"వీళ్ళకి నిజం చెప్పెయ్యాలి కదా," అన్నారెవరో.

"ముందు తిందాం, తర్వాత చెబుదాం," అన్నాడు కృష్ణమూర్తి. సంఘం చరిత్రలో ఏకగ్రీవంగా నెగ్గిన తీర్మానం అదొక్కటే.

ముసలావిడ పద్మనాభం గారి చేతిలో శాండ్‌విచ్ పెట్టి, తినేదాకా కదలనని నిలబడింది. నాలుగు పెసరట్ల మీద అది దిగుతుంటే ఆయన కళ్ళలో నీళ్ళు తిరిగాయి. అవి చూసి ఆవిడా కళ్ళు తుడుచుకుంది.

"అంకుల్, పోజ్ వద్దు. న్యాచురల్‌గా తినండి," అంది వార్తల పేజీకి రాసే వేద అనే కాలేజీ పిల్ల, ఫొటో తీస్తూ.

తర్వాత నర్సే ఆవిడకు అసలు సంగతి చెప్పింది. ఆవిడ నవ్వి నవ్వి, అయితే నేనూ ఇస్తానని చొక్కా చెయ్యి మడిచింది. తిండి తెచ్చినవాళ్ళూ తిన్నవాళ్ళూ కలిసి వరస కట్టారు. ముందుగా అధ్యక్షుడు గారంటూ కృష్ణమూర్తి ఆయన్ని మర్యాదగా మెట్లెక్కించాడు. ఇక పారిపోయే దారి లేదు.

పక్క కుర్చీలో పడుకున్న ముసలావిడ, ఆయన మొహం చూసి చెయ్యి అందించింది. ఆయన దాన్ని గట్టిగా పట్టుకుని కళ్ళు మూసుకున్నారు. చీమ కుట్టినట్టయింది, అంతే. కళ్ళు తెరిచి, నిండుతున్న సంచీని చూస్తే ఆయనకు నిజంగా సంతోషం వేసింది. ఇన్నేళ్ళూ దడిసింది దీనికా అని సిగ్గు కూడా వేసింది.

"ఫొటో తీశావా అమ్మా?"

"సారీ అంకుల్, ఫోన్ డెడ్. బట్ మీ శాండ్‌విచ్ పిక్ సూపర్ వచ్చింది!"

మర్నాడు ఉదయం ఆ ఫొటో పేజీకి అడ్డంగా వచ్చింది. చేతిలో రొట్టె, కళ్ళలో నీళ్ళు. కింద, రాత్రి నుంచి ఏమీ తినని పద్మనాభం గారికి ఇరుగుపొరుగు దయతో దొరికిన తొలి ముద్ద అని రాసి ఉంది. జ్ఞానప్రసూన దాన్ని రెండుసార్లు చదివింది.

"రాత్రి నుంచి ఏమీ తినలేదా?"

"అదీ... ప్రసూనా, ఆ పరిస్థితిలో..."

"అంత ఖాళీ కడుపు మీద పెసరట్లు అరగవు లెండి," అంటూ ఆవిడ పొయ్యి కట్టేసింది.

వార్త ఒక రోజు ఆలస్యంగా నిజమైంది.