కథల గదికి తాళం

"నేను బతికుండగా ఈ రాష్ట్రంలో ఒక్క జానపద కథ కూడా చావదు" అని సాంస్కృతిక శాఖ మంత్రిగారు ప్రకటించారు. ఆ మాట అంటూ గుండె మీద చెయ్యి వేసుకున్నారు. "సరిగ్గా పడలేదు సార్" అని ఫొటోగ్రాఫరు అంటే మళ్ళీ వేసుకున్నారు. రెండోసారి ఆవేదన ఇంకా బాగా కుదిరింది. పక్కనే కుర్చీలు సర్దుతున్నాను కాబట్టి దగ్గరగా చూసే భాగ్యం నాకు కలిగింది.

నేను వార్డు గ్రంథాలయం ఇన్‌చార్జిని. అంటే తలుపులు తీసేదీ నేనే, పేపర్లు మడతపెట్టేదీ నేనే, 'నిశ్శబ్దం' అన్న బోర్డు కింద గురకపెట్టే పెద్దమనుషుల్ని తట్టి లేపేదీ నేనే. మంత్రిగారు మా దగ్గరికే ఎందుకు వచ్చారంటే, మా పక్కగదిలో కథలున్నాయని ఆయనకెవరో చెప్పారట.

ఉన్నమాట నిజమే. మా మేనత్త చెబుతుంది. ఎదురుగా బట్టలు కుట్టే ఫ్యాక్టరీ ఉంది. అందులో పనిచేసే తల్లులకు ఆరింటిదాకా సెలవు దొరకదు. పిల్లలకేమో మూడున్నరకే బడి అయిపోతుంది. ఆ రెండున్నర గంటలూ ఇరవైమంది పిల్లలు రోడ్డున పడకుండా అత్త ఆ గదిలో కూర్చోబెట్టి కథలు చెబుతుంది. ఫీజు లేదు. వినేవాళ్ళు ఊ కొట్టాలి, అంతే. ఊ ఆగితే కథ ఆగిపోతుంది.

మంత్రిగారు గది చూసి కదిలిపోయారు.

"అమ్మా, పిల్లలకు కథలే ప్రాణవాయువు. నేనింతవాణ్ణయ్యానంటే మా నాయనమ్మ చెప్పిన కథలే కారణం."

"ఏ కథ చెప్పేది బాబూ మీ నాయనమ్మ?" అని అత్త సంబరంగా అడిగింది.

మంత్రిగారు పీఏ వైపు చూశారు. పీఏ ఫైలు తిరగేశాడు. "చాలా చెప్పేవారండి" అన్నాడు.

ఆ సాయంత్రానికల్లా మా పక్కగది 'జానపద కథల పరిరక్షణ కేంద్రం' అయిపోయింది. మర్నాడు ప్రత్యేకాధికారి దిగారు. మహా చురుకైన మనిషి. గుమ్మంలో కాలు పెట్టగానే లోపం పట్టేశారు.

"వీళ్ళెవరు?"

"కథలు వినే పిల్లలండి" అన్నాను.

"పరిరక్షణ కేంద్రంలో పిల్లలేంటయ్యా? చేతులు చూశావా, అంతా మట్టి! కథలు పాడైపోవూ? ముందు బయటికి పంపించు."

పంపించాను. ఆయన కొత్త తాళం వేసి, తాళంచెవి కోటు జేబులో వేసుకున్నారు. అత్త నా మీద విరుచుకుపడింది.

"ఒరేయ్, ఈ పిల్లల్ని ఎక్కడ కూర్చోబెట్టమంటావురా? నా నెత్తి మీదా?"

"ప్రారంభోత్సవం దాకా మెట్ల మీద సర్దుకో అత్తా, నీకు పుణ్యముంటుంది" అన్నాను. నా ప్రమోషను ఫైలు కదులుతోందన్న సంగతి మాత్రం చెప్పలేదు.

మెట్లు దిగితే రోడ్డే. మూడోరోజున, ముందుపళ్ళు ఊడిన ఓ పిల్ల బంతి కోసం పరుగెత్తి లారీ కిందికి పోబోయింది. అత్త దాని జడ పట్టుకుని వెనక్కి లాగింది కాబట్టి బతికింది. వెంటనే అధికారిగారికి అర్జీ రాసిచ్చాను. ఆయన దాన్ని ఎంతో శ్రద్ధగా చదివి, భద్రంగా ఉంటుందని ఆ గదిలోనే పెట్టి తాళం వేశారు.

ప్రారంభోత్సవం నాడు మంత్రిగారే స్వయంగా పిల్లలకు ఓ కథ చెప్పాలని నిర్ణయమైంది. కథ కావాలి కనక అత్తను పిలిపించారు. అధికారిగారు కలం తీశారు.

"ఆకలేసి ఒక ముసలమ్మ అడవికి పోయింది" అని అత్త మొదలుపెట్టింది.

"ఆకలి కొట్టేయండి. ఆకలిని పోయినేడాదే నిర్మూలించాం."

"సరే. కడుపునిండా తిని ఒక ముసలమ్మ అడవికి పోయింది."

"తిన్నాక అడవికెందుకు?"

"ఆకలేసి."

"అదే కొట్టేశాంగా! వెళ్ళలేదని రాద్దాం. తర్వాత?"

"పులి ఎదురొచ్చి, నిన్ను తింటానంది."

"అటవీ శాఖవాళ్ళు నొచ్చుకుంటారు. పులి ఏమీ అనలేదు."

"ముసలమ్మ దాన్ని మాయచేసి..."

"పింఛను తీసుకునే మనిషి మాయచేసిందని పిల్లలకు చెబుతామా? తప్పు కదండీ!"

"ఆ ఊరి రాజు ఒట్టి తెలివితక్కువవాడు."

అధికారిగారు కలం కింద పెట్టి, లేచి వెళ్ళి, తలుపు దగ్గరికి వేసి వచ్చారు. "రాజుగారి ఊసెత్తకండమ్మా. నేను ఉద్యోగస్తుణ్ణి" అన్నారు.

ఆ కథ మూడు వారాలు ఏడు శాఖలు తిరిగి, ఏడు ముద్రలు వేయించుకుని, క్షేమంగా తిరిగొచ్చింది.

ప్రారంభోత్సవం దివ్యంగా జరిగింది. టీవీవాళ్ళు నేరుగా ప్రసారం చేస్తున్నారు. తాళం తీసి, స్నానాలు చేయించి తెచ్చిన పిల్లల్ని లోపల వరసగా కూర్చోబెట్టారు. మంత్రిగారు కాగితం అందుకున్నారు.

"అనగనగా ఒక ముసలమ్మ."

"ఊ" అన్నారు పిల్లలంతా.

"ఆమె కడుపునిండా తిని అడవికి వెళ్ళలేదు."

ముగ్గురో నలుగురో ఊ అన్నారు.

"అడవిలో ఒక పులి ఉంది. అది ఎవరినీ ఏమీ అనలేదు. రాజు చాలా మంచివాడు."

ఇక ఎవరూ అనలేదు. పళ్ళూడిన పిల్ల లేచి నిలబడి, "తర్వాత?" అంది.

మంత్రిగారు కాగితం తిరగేశారు. వెనక ఏడు ముద్రలున్నాయి.

"తర్వాతంటే... అంతే పాపా."

"అదేం కథ? నీకు చెప్పడం రాదా?"

అధికారిగారు నా వైపు చూసిన చూపు జన్మలో మర్చిపోలేను. ఒక్క పరుగున వెళ్ళి మెట్ల మీద కూర్చున్న అత్తను లాక్కొచ్చాను. అత్త చీర సర్దుకుని పిల్లల మధ్య కూర్చుంది.

"అనగనగా ఒక రాజు" అంది.

అధికారిగారు దగ్గారు. అత్త పట్టించుకోలేదు.

"ఆ రాజుకు పిట్టల పాటలంటే చెప్పలేనంత ఇష్టం. ఊళ్ళో ఓ చెట్టు నిండా పిట్టలుండేవి. ఇంత మంచి చెట్టు ఎండకీ వానకీ పాడైపోతుందని చెప్పి, చుట్టూ గోడ కట్టించాడు. పైన కప్పు వేయించాడు."

"ఊ!" గది మార్మోగింది.

"పిట్టలు చెట్టు మీద రెట్టలు వేస్తున్నాయని వాటిని తోలించేశాడు."

"ఊ!" ఈసారి అందరికంటే గట్టిగా అన్నది మంత్రిగారు. ఆయన అప్పటికే కుర్చీ చివరికి జరిగి, నోరు కాస్త తెరుచుకుని వింటున్నారు.

"తర్వాత సింహాసనం తెప్పించుకుని, పాట వినడానికి చెట్టు కింద కూర్చున్నాడు. పొద్దున్న పోయింది, మధ్యాహ్నం పోయింది, పాట లేదు."

"ఎలా ఉంటుంది?" మంత్రిగారు తొడ చరిచారు. "ఒట్టి వెధవలా ఉన్నాడే! పిట్టల్ని తోలేశాక ఎవడు పాడతాడు? ఏ కాలం నాటి కథమ్మా ఇది?"

"ఈ మధ్యదే బాబూ."

"తర్వాతేమైంది? చెప్పు, చెప్పు!"

అంతలో ఫ్యాక్టరీ సైరను మోగింది. తల్లులు గుమ్మంలోకి వచ్చారు. అత్త మోకాళ్ళు పట్టుకుని లేచింది.

"మిగతాది రేపు బాబూ. ఇదే గదిలో. ఆ తాళంచెవి ఇచ్చి వెళ్తే."

"ఇచ్చేయండయ్యా!" అని మంత్రిగారు గర్జించారు. చప్పట్లు మిన్నంటాయి. సిగ్గువిడిచి చెబుతున్నాను, నా కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి.

"రేపు ఉత్తర్వు తయారు చేసి ఇచ్చేద్దాం సార్" అన్నారు అధికారిగారు, తాళం వేస్తూ.

మర్నాడు ఉత్తర్వు రాలేదు. పేపరొచ్చింది. మంత్రివర్గంలో మార్పులు. మన మంత్రిగారికి మత్స్యశాఖ. "నేను బతికుండగా ఈ రాష్ట్రంలో ఒక్క చేప కూడా చావదు" అని మొదటి పేజీలో గుండె మీద చెయ్యి వేసుకుని ఉన్నారు. ఈసారి ఫొటో బాగా పడింది. సమర్థుడు కాబట్టి ప్రత్యేకాధికారిని కూడా తనతో తీసుకెళ్ళారు. అధికారితో కోటు వెళ్ళింది, కోటుతో తాళంచెవి వెళ్ళింది. పగలగొడదామంటే అది ప్రభుత్వ తాళం. నా ప్రమోషను ఫైలు ఎక్కడుందో వాకబు చేస్తే, అదీ ఆ గదిలోనే భద్రంగా ఉందన్నారు.

నెల తర్వాత ఓ సాయంత్రం గ్రంథాలయానికి ఫోనొచ్చింది. సాక్షాత్తూ మంత్రిగారు.

"ఏమయ్యా, ఆ రాజు చివరికి ఏమయ్యాడు? చేపల మీటింగులో కూర్చున్నా అదే గుర్తొస్తోందయ్యా. కనుక్కుని చెప్పు."

ఫోను బల్ల మీద పెట్టి బయటికి పరుగెత్తాను. అత్త మెట్ల మీద పిల్లలకు కథ చెబుతోంది. పళ్ళూడిన పిల్ల రోడ్డు మీదికి పోకుండా దాని గౌను అంచు ఎడమచేత్తో గుప్పిట పట్టుకుని ఉంది. విషయం చెప్పాను.

"ఏమవుతాడు? ఇంకో చెట్టు దగ్గరికి పోయాడని చెప్పు" అంది నా వైపు చూడకుండానే. "పోతే పోయాడు గానీ, ఈ చెట్టు తాళంచెవి ఇచ్చి పొమ్మను."

అక్షరం పొల్లుపోకుండా అప్పజెప్పాను. అవతల పెద్ద నవ్వు.

"చెట్టుకు తాళమేంటయ్యా! ఇందుకే పిల్లలకు ఇలాంటి కథలు చెప్పకూడదనేది" అని మంత్రిగారు ఫోను పెట్టేశారు.